జాజ్ విద్య - గురుశిష్యులు

జాజ్ సంగీతము పాఠశాలలో పుట్టిన విద్య కాదు. అది న్యూ ఆర్లియన్సు వీధులలో, ఊరేగింపులలో, నాట్యమందిరములలో పెరిగినది. పెద్ద వాద్యకారుని ప్రక్కన నిలిచి, చెవితో విని, చేతితో సాధించుటయే అందలి శిష్యరికము. వ్రాసియున్న స్వరమును వాయించుటకన్న అప్పటికప్పుడు కల్పించి వాయించుటకే అందు మన్నన హెచ్చు. మన విద్వాంసుల మనోధర్మమును ఎరిగిన శ్రోతలకు ఈ మాట క్రొత్త కాదు.

అట్టి విద్యను తరగతి గదిలో నేర్పవచ్చునా? నేర్పినచో కల్పన నశించి, అందరును ఒకే తీరున వాయింపరా? ఈ శంక సామాన్యమైనది కాదు.

1957లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, లెనాక్సు అను ఊర, వేసవిలో మూడు వారములు జరుగు జాజ్ పాఠశాల వెలసినది. పియానో విద్వాంసుడు జాన్ లూయిస్ దానికి అధిపతి. డిజ్జీ గిలెస్పీ, మాక్స్ రోచ్ వంటి ప్రసిద్ధులు అధ్యాపకులు. శిష్యులను చిన్న మేళములుగా కూర్చి, వాద్యముతో పాటు స్వరరచనను, జాజ్ చరిత్రను గూడ బోధించిరి.

1959లో అచట చేరిన శిష్యులలో ఆర్నెట్ కోల్మన్ ఒకడు. అతని బాణి కొందరు గురువులకు అద్భుతముగా, కొందరికి అపశ్రుతిగా తోచినది. అయినను పాఠశాల ఆ బాణిని చెరిపివేయలేదు. ఆ నవంబరులోనే అతడు న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో వాయించి జాజ్ లోకమున పెద్ద సంచలనము కలిగించెను. మంచి గురువు కల్పనను చంపడనుటకు ఇది నిదర్శనము.

ఆ ఏటి శిష్యులలోనే డేవిడ్ బేకర్ మరియొకడు. ట్రాంబోను వాద్యమున దిట్ట. దవడకు తగిలిన గాయము వలన ఆ వాద్యమును విడువవలసి వచ్చెను. వాయించుట ఒక్కటే నేర్చినవానికి అచటితో దారి మూసుకొనిపోయెడిది. ఆయన చెల్లో చేపట్టెను, రచనలు చేసెను, కల్పించి వాయించు పద్ధతిని బోధించు గ్రంథములు వ్రాసెను. ఇండియానా విశ్వవిద్యాలయమున దశాబ్దముల పాటు జాజ్ శాఖను నడిపి, 2016లో కన్నుమూసెను.

లెనాక్సు పాఠశాల 1960తో ముగిసినది. ఆ మూడు వారముల వేసవి బడి నాలుగేండ్లు మాత్రమే సాగినది. కాని వాద్యము, రచన, బోధన అను మూడును ఒకే విద్యకు అంగములని అది చూపినది. కళాకారుని చేయి ఒకనాడు సహకరింపకపోవచ్చును. అతడు నేర్పిన విద్య మాత్రము శిష్యుల చేతులలో పలుకుచునే యుండునని మేము తలంచుచున్నాము.