వేగముగ తిరుగు గోళము నిలుచునా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట 2022లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరినను, అచ్చటి రాకెట్టు వెలుగు ఈ తీరవాసులకు పరిచితమే. 2015 సెప్టెంబరు 28న అచ్చటినుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఆస్ట్రోశాట్ అను ఖగోళ పరిశోధక ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అది పరిశీలించిన వానిలో 4యూ 1630-47 అనునది యొకటి. తన జంటతారనుండి వాయువును లాగికొనుచు, సుమారు రెండేండ్ల కొకమారు ఎక్స్-కిరణములతో ప్రజ్వరిల్లు వస్తువది. ఆస్ట్రోశాట్ కొలతలను, అమెరికావారి చంద్ర ఉపగ్రహపు కొలతలను కలిపి చూచిన శాస్త్రజ్ఞులు, అది కృష్ణబిలమనియు, దాని భ్రమణము పరమావధిలో సుమారు 0.92 వంతు అనియు 2018లో ప్రకటించిరి.

కృష్ణబిలమనగా వెలుగు సైతము వెలికి రాలేని హద్దుగల వస్తువు. ఆ హద్దునకు దిగంతమని పేరు. దిగంతము లేకయే అంత చిన్నదియు అంత బరువైనదియునగు గోళ ముండరాదా యను సందేహము న్యాయమైనదే. 2001లో మజూర్, మొట్టోలా అనువారు ప్రతిపాదించిన గ్రావాస్టారు అట్టిది.

ఈ సందేహమునకు భ్రమణమే పరీక్ష. సుడిలో చిక్కిన పడవ ఎంత తెడ్డు వేసినను నిలువజాలదు. అట్లే అతివేగముగ తిరుగు గోళము తన చుట్టునున్న ఆకాశమునే త్రిప్పును. అచ్చట ఏ వస్తువును నిశ్చలముగ నుండజాలదు. ఆ తావున కొన్ని తరంగముల శక్తి, దూరమునుండి లెక్కించినచో, ఋణసంఖ్య యగును. అట్టి తరంగము వెలికి శక్తిని పంపినకొలది తాను క్షీణింపక పెరుగును. అప్పులవాడు దానము చేసినకొలది అప్పు పెరుగుట వంటిది. కృష్ణబిలమున దిగంతము ఆ తరంగమును మ్రింగివేయును. దిగంతము లేనిచోట అది చిక్కుకొని పెరుగుచుండును. వెలికిపోవు శక్తి గోళముయొక్క భ్రమణమునుండియే వ్యయమగును. ఇట్టి గోళమునకు స్థిరత్వము లేదని జాన్ ఫ్రీడ్‌మన్ 1978లో చూపెను. సూర్యునంత మొదలు పది లక్షల సూర్యులంత బరువుగల గోళములలో ఈ అస్థిరత సెకనులో పదవ వంతు మొదలు ఒక వారములోపల ప్రబలవచ్చునని కార్డోసో, పానీ మున్నగువారు 2008లో లెక్కించిరి. దశాబ్దములుగ ఎరుగబడిన జంటలో అట్టి గోళ మింకను ఇంత వేగముతో తిరుగుచుండుట దుర్ఘటము.

అయినను వాదము ముగియలేదు. మొదటిది, 0.92 అను సంఖ్య ఆ వస్తువు కృష్ణబిలమే యని తలచి చేసిన లెక్క. రెండవది, గోళపు ఉపరితలము తనపై బడిన తరంగములో నూటికి 0.4 వంతు పీల్చుకొన్నను అస్థిరత అణగిపోవచ్చునని మాజియో, పానీ, ఫెరారీ అనువారు 2017లో చూపిరి. భ్రమణము హెచ్చినకొలది పీల్చుట కూడ హెచ్చవలెను. కావున, అద్దమువలె సర్వమును త్రిప్పికొట్టు గోళము నిలువదు. కొంత పీల్చు గోళము నిలువవచ్చును.

ఇక తీర్పు గురుత్వతరంగములది. 2015 సెప్టెంబరు 14న తొలిసారి పట్టుబడిన ఆ తరంగముల వెనుక, దిగంతము లేని గోళమైనచో, ప్రతిధ్వనులు వినవచ్చునని ఊహ. అట్టివి నిర్ధారితములు కాలేదు. వానిని వినదగిన సూక్ష్మయంత్రముల నిర్మించువారు గ్రామ గ్రంథాలయపు బల్లల యొద్దనుండియు రావలెను. రజతోత్సవము జరుపుకొను ఈ గ్రంథాలయమున గణిత, భౌతిక గ్రంథములకు ఒక బీరువా ప్రత్యేకించుట ఆ పనికి తొలిమెట్టు.