తెర మీది పాఠం – మన వంతు సాయం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఆర్., మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద నన్ను ప్రాథమిక పాఠశాలల్లో ఇంటర్నెట్ బొమ్మల పాఠాల గురించి చెప్పమన్నారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, గుమాస్తాను. అయితే సర్కారు ఇచ్చిన ఏ వస్తువైనా ముందు ఎక్కేది స్టాకు రిజిస్టరులోకే కనుక, ఆ వైపు నుంచి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తెర మీద పాఠం నిన్నమొన్నటిది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ వాటిలో ఉన్నాయి. ఉదయంపూట బడిపిల్లల కార్యక్రమాలు వచ్చేవి. కానీ ఆ బొమ్మ ఆపమంటే ఆగదు, మళ్ళీ చూపమంటే చూపదు.

ఇవాళ ఆ ఇబ్బంది లేదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘దీక్షా’లో తెలుగు పాఠాలు కూడా ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ అనే నలుపు తెలుపు గళ్ళ గుర్తు ఉంటే, దాన్ని ఆ యాప్‌తో ఫోనుకు చూపితే సంబంధించిన పాఠం వస్తుంది. ముందే దింపుకుంటే నెట్ లేని బడిలోనూ చూపవచ్చు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ‘ఫెట్’ బొమ్మల్లో పిల్లవాడు తానే వృత్తాన్ని ముక్కలు చేసి భిన్నాలు నేర్చుకోవచ్చు. అదీ ఉచితమే.

అయితే తెర వెలిగినంత మాత్రాన పాఠం అయిపోదు. గింజ మొలకెత్తే పాఠమే తీసుకోండి. ముందు పిల్లల చేత పెసలు తడిగుడ్డలో కట్టించాలి. ముందు వేరు వస్తుందా, ఆకు వస్తుందా అని అడిగి, జవాబు పలక మీద రాయించాలి. మర్నాడు మూట విప్పించి చూపాలి. ఆ తర్వాతే వీడియో. రోజుల తరబడి సాగే ఎదుగుదలను అది ఒక్క నిమిషంలో చూపుతుంది. మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో చెప్పమనాలి. చేతికి తగిలే తడి, ముక్కుకు తెలిసే వాసన తెర ఇవ్వలేదు. వాటిని ఆ గుడ్డే ఇవ్వాలి. ప్రశ్న అడగవలసింది మాత్రం టీచరే.

ఇక రిజిస్టరు సంగతి. వస్తువు పాడైతే జీతంలో రికవరీ పడుతుందన్న భయం మనకందరికీ తెలిసిందే. ఆ భయంతో తాళం వేసిన వస్తువు ఆడిట్‌లో క్షేమంగా ఉంటుంది. నంబరు, ధర, తేదీ అన్నీ సరిపోతాయి. దాన్ని ఎంతమంది పిల్లలు చూశారో మాత్రం ఏ కాలమ్‌లోనూ ఉండదు. మన ఇంక్రిమెంటు ఆగితే ఎరియర్సుతో వచ్చేది. మూడో తరగతిలో పోయిన ఏడాదికి ఎరియర్సు లేవు.

కాబట్టి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో మనం మూడు పనులు చేయవచ్చు. మొదటిది, స్టాకు రిజిస్టరు పక్కనే వాడకం పుస్తకం పెట్టించడం: తేదీ, తరగతి, పాఠం, పిల్లలు అడిగిన ప్రశ్న. రెండవది, టీచరు కోరిన వీడియోను ఇంటి నెట్‌తో దింపి, చివరిదాకా చూసి, తప్పులు, అడ్డమైన ప్రకటనలు లేవని తేల్చుకుని ఇవ్వడం. మూడవది, మన గొంతు ఇవ్వడం. ఊరి చెరువు, సంత, శేరు, మానిక, కుంచం వంటి పాత కొలతల గురించి ఐదు నిమిషాలు ఫోనులో రికార్డు చేసిస్తే, ఎక్కడా దొరకని పాఠం తయారవుతుంది.

రాజధాని నుంచి ఉత్తర్వు రానక్కరలేదు, బడ్జెట్ హెడ్ అక్కరలేదు. వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరు ఒక్కొక్క బడి పేరు రాసుకుని రావలసిందిగా కోరుతున్నాను.