పిల్లల దగ్గరికి వెళ్లే ముందు
(పూర్వ విద్యార్థుల సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. సావనీర్ కోసం కొంత కుదించి రాసి ఇచ్చినది.)



"నువ్వు నాలుగు దేశాలు తిరిగినవాడివి, విదేశీ ప్రయాణం గురించి ఓ అరగంట చెప్పు" అన్నారు కార్యదర్శిగారు. నేను కరెంటు లైన్ల ఇంజనీరును. నేను తిరిగింది టాంజానియా, ఘనా లాంటి దేశాల్లో, అదీ టవర్ల కింద. కానీ ఇందాక పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు చేతులెత్తమంటే సగం హాలు పైనే ఎత్తింది. అందుకని ఆఫ్రికా సంగతి రెండు ముక్కల్లో ముగించి, ఎక్కువగా అమెరికా ప్రయాణం గురించే చెబుతాను. కొడుకు దగ్గరికో, కూతురి పురిటికో వెళ్లే తల్లిదండ్రుల ప్రయాణం అది.

ఒకప్పుడు అమెరికా వీసా అంటే ముందు మద్రాసు ప్రయాణం. నాంపల్లిలో సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి, జెమినీ ఫ్లైఓవర్ దగ్గర కాన్సులేట్ ముందు నిలబడేవాళ్లం. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో అమెరికా కొత్తగా తెరిచిన మొదటి కార్యాలయం అదే. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలోకి మారింది. వేలిముద్రలు, ఫొటో మాత్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో తీసుకుంటారు. పాస్‌పోర్టు పని మనకు ఇంకా దగ్గరైంది. అమీర్‌పేటలో ఉన్న సేవా కేంద్రాన్ని 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లోకి తెచ్చారు. చాదర్‌ఘాట్ వంతెన దాటి నడిచి వెళ్లేంత దూరం.

ఆఫీసులు దగ్గరికొచ్చాయి, కాగితాలు మాత్రం మన చేతిలోంచి పోయాయి. మద్రాసు వెళ్లిన రోజుల్లో ఫారం మనమే నింపేవాళ్లం. ఇప్పుడు డాలస్‌లో ఉన్న కొడుకు అర్ధరాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని నింపుతాడు. "నాన్నా, అంతా అయిపోయింది, ఫలానా రోజు వెళ్లి వేలిముద్రలు ఇచ్చి రండి" అని వాట్సాప్‌లో పంపుతాడు. పిల్లల మీద నాకేం ఫిర్యాదు లేదు, పాపం వాళ్లు నిద్ర మానుకుని చేస్తారు. కానీ కిటికీ దగ్గర నిలబడేది వాడు కాదు, మీరు. నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పేరుతో మొదలుపెడదాం. మన బడి రిజిస్టర్‌లో పేర్లు ఎలా ఉండేవో గుర్తుందా? ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత పేరు. ఉదాహరణకు కె. నరసింహారావు. పదో తరగతి మెమోలో అదే, ఉద్యోగంలో అదే. పాస్‌పోర్టు పొడి అక్షరాలు ఒప్పుకోదు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వస్తే, ఉన్న పేరంతా ఇంటిపేరు కింద వేసి, అసలు పేరున్న చోట 'ఎఫ్ఎన్‌యూ' అని కొడతారు, మొదటి పేరు తెలియదు అని. అరవై ఏళ్లు బతికిన మనిషికి పేరు తెలియదట! దుబాయిలో మరీ కష్టం. పాస్‌పోర్టులో ఒకే ఒక్క మాట పేరుగా ఉంటే సందర్శక వీసా మీద రానివ్వమని యూఏఈ 2022 నవంబరు నుంచి చెబుతోంది. దారిలో రెండు రోజులు దుబాయి చూసి వెళ్దామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. మన ఆడపడుచుల సంగతి వేరు. చదువు కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, బ్యాంకులో రెండూ ఉండవు. పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలని నియమం ఏమీ లేదు. ఏదో ఒకటి నిర్ణయించుకుని అన్ని చోట్లా, టికెట్‌తో సహా, అదే ఉంచండి. ఈ పని వీసాకు ఆరు నెలల ముందే జరగాలి.

మన పాత బ్యాచ్‌లలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఇంకో మాట చెబుతారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు క్లియరెన్స్ కావాలి. పదో తరగతి పాసైనవాళ్లకు అక్కర్లేదు. ఈ బడి ఇచ్చిన మెమోయే ఎంతోమందిని ఆ క్యూలోంచి తప్పించింది.

ఇక వీసా ఫారం. దాని పేరు డీఎస్-160. సందర్శకులకు ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి రాదు. ఫొటోలో కళ్లద్దాలు ఉండకూడదు, వెనక తెల్లగా ఉండాలి. అమెరికాలో మీ దగ్గరి బంధువులు ఎవరున్నారు, ఇదివరకు ఎప్పుడైనా వీసా నిరాకరించారా, వెళ్లి ఎన్నాళ్లుంటారు, ఖర్చు ఎవరిది అని అడుగుతారు. చివర 'ఇదంతా నిజం' అని ఒప్పుకునే మీట ఉంటుంది, అది నొక్కితే మీ సంతకం కిందే లెక్క. అబ్బాయి నింపాక మొత్తం ప్రింటు తీయించి, కోఠీలో ఏ జిరాక్స్ షాపైనా చాలు, పెన్ను పట్టుకుని చదవండి. పదిహేనేళ్ల కిందట మద్రాసులో వీసా రాలేదన్న సంగతి అబ్బాయికి గుర్తుండకపోవచ్చు, వాళ్ల రికార్డులో మాత్రం ఉంటుంది.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలు. తెలుగులో మాట్లాడతానంటే మాట్లాడవచ్చు, మొహమాటం వద్దు. రాని ఇంగ్లిషులో అడ్డదిడ్డంగా చెప్పేకన్నా వచ్చిన తెలుగులో సూటిగా చెప్పడం మేలు. వాళ్ల చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. వచ్చినవాడు అక్కడే ఉండిపోయే మనిషి అనే వాళ్లు మొదట అనుకుంటారు, కాదని చూపించాల్సింది మనం. అందుకే "మీ ఇల్లు ఎక్కడ, ఏం చేస్తారు, పెన్షన్ ఎంత, ఎప్పుడు తిరిగొస్తారు" అని అడుగుతారు. ఫారంలో రెండు నెలలు అని రాసి, నోటితో ఆరు నెలలు అంటే అవతలివాడికి అనుమానం రాదా? ఇంకొకటి. డెబ్బై తొమ్మిది దాటినవాళ్లకు ఇంటర్వ్యూ లేకుండా ఇచ్చే వెసులుబాటు ఉండేది, 2025 సెప్టెంబరు 2 నుంచి దాన్ని చాలావరకు తీసేశారు. ఫలానా వాళ్లకు అలా వచ్చింది కదా అని పాత లెక్కలు వేసుకోకండి.

వీసా పదేళ్లకు ఇస్తారు. పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండొచ్చో అక్కడ దిగాక ఇమిగ్రేషన్ అధికారి చెబుతాడు, మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, ఇంటికెళ్లిన రోజే ఆన్‌లైన్‌లో చూసి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. గడువు మీద 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. మనవడి పుట్టినరోజు అయ్యాక వెళ్దాంలే అనుకుని ఈ తేదీ మరిచిపోయేవాళ్లున్నారు.

ఇప్పుడు ఆరోగ్యం. ఇక్కడ మా ఇంట్లో జరిగింది చెప్పాలి. పేర్లు వద్దు. మా పెద్దక్క, బావగారు కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వెళ్లారు. బావగారికి పన్నెండేళ్లుగా బీపీ, రోజూ ఒక మాత్ర. మూడో వారంలో రాత్రి గుండెలో నొప్పి వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు, స్టెంటు వేశారు, మనిషి దక్కారు. బీమా కంపెనీ మాత్రం డబ్బు ఇవ్వనంది. పాలసీ తీసుకునేటప్పుడు 'ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా' అన్న ప్రశ్న దగ్గర 'లేవు' అని ఉంది. మేనల్లుడు ఏదో హడావిడిలో నొక్కాడు. బావగారిని అడగనూ లేదు, ఆయన ఆ కాగితం చూడనూ లేదు. బిల్లు అంకె నేనిక్కడ చెప్పను. ఆసుపత్రివాళ్లతో మాట్లాడి కొంత తగ్గించుకున్నారు, మిగిలింది వాయిదాల్లో కడుతున్నారు. వనస్థలిపురంలో అక్కావాళ్లు ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్న స్థలం ఇప్పుడు వాళ్లది కాదు. బావగారికి గుండె నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది ఒక్కటే. "నా బీపీ గురించి నన్నొక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ణి కదరా" అంటారు.

బీమా కొనేటప్పుడు ధర చూసి కొనకండి. ఒక్కో చికిత్సకు ఇంతే అని పరిమితి పెట్టే పాలసీలు చవక, అక్కడి బిల్లుకు ఏ మూలకూ రావు. మొత్తం ఖర్చులో ఒక హద్దు వరకు భరించేవి వేరు. పాత జబ్బుల గురించి ఆ పాలసీ ఏమంటుందో, అవి హఠాత్తుగా ముదిరితే ఇస్తుందో ఇవ్వదో, ఆ ఒక్క పేజీ మీరే చదవండి, అర్థం కాకపోతే ఏజెంటును రాతలో అడగండి. పళ్లకు, కళ్లజోళ్లకు మామూలుగా ఏదీ ఇవ్వదు. ఆ పనులు ఇక్కడే ముగించుకుని వెళ్లండి.

మందుల చీటీ అక్కడి మెడికల్ షాపులో చెల్లదు. మూడు నెలలకు సరిపడా వెంట తీసుకెళ్లవచ్చు, స్ట్రిప్పుల్లోంచి ఊడబీకి డబ్బాలో పోయకండి, డాక్టరు చీటీ జత చేయండి. మందు కంపెనీ పేరు కాకుండా అసలు పేరు ఇంగ్లిషులో రాయించుకోండి. మనం డోలో అనేది పారాసెటమాల్, వాళ్లు దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ పేరుతో అమ్ముతారు. అరకాగితం మీద మందు పేరు, మోతాదు, వేళ, మీ జబ్బులు, ఆపరేషన్లు రాసి జేబులో పెట్టుకోండి. స్టెంటు ఉంటే ఆ కార్డు కూడా. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామాన్ల గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. మనకూ చికాగోకూ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా కాబట్టి ప్రయాణం రోజు మోతాదు ఎలాగో డాక్టరును ముందే అడగాలి.

మార్గమధ్యంలో దుబాయి, దోహా వస్తాయి కాబట్టి ఒక హెచ్చరిక. కోడీన్, ట్రామడాల్ ఉన్న నొప్పి, దగ్గు మందులకు యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. అక్కడ గసగసాలు కూడా నిషిద్ధం. బేగంబజార్‌లో పావు కిలో గసగసాలు కొని మసాలా పొడిలో కలిపి పంపే అత్తగార్లు దయచేసి వినండి, అక్కడ అది మాదకద్రవ్యం కేసు. అమెరికాలో పచ్చి కరివేపాకు పనికిరాదు, నిమ్మజాతి చెట్లకు తెగులు తెస్తుందని లాక్కుంటారు. ఆవకాయకు సాధారణంగా అభ్యంతరం లేదు. అబిడ్స్‌లో మిఠాయి కొట్లవాళ్లు ప్రయాణానికని చెబితే గట్టిగా ప్యాక్ చేసిస్తారు. ఏం తెచ్చారని అడిగితే తినే వస్తువులున్నాయని చెప్పేయండి. చెప్పినందుకు ఎవరూ జరిమానా వేయరు, దాచినందుకే వేస్తారు.

విమానం గురించి ఇంజనీరుగా ఒక్క మాట. లోపల గాలి ఒత్తిడి నేల మీదిలా ఉండదు, ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆరోగ్యవంతుడికి తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు, బాగా తగ్గిన రక్తం, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లకు తెలుస్తుంది, వాళ్లు డాక్టరు అనుమతి లేకుండా ఎక్కకూడదు. పద్నాలుగు గంటలు కదలకుండా కూర్చుంటే కాలి పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు. గంటకోసారి లేచి నడవండి, కుదరకపోతే కూర్చునే మడమలు ఆడించండి. బాత్‌రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే పెద్దవాళ్లను చూశాను. ఆ పని చేయకండి, నడవ పక్క సీటు అడగండి. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ తీసుకున్నప్పుడే చెప్పించండి, నామోషీ పడాల్సిందేం లేదు. విమానం మారే చోట కనీసం మూడు గంటలు ఉండేట్టు చూడండి. అమెరికాలో మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. అబుధాబి నుంచి వెళ్లేవాళ్లకు మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

ఆఫ్రికాలో పిల్లలున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు. వాళ్లకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో పచ్చ జ్వరం టీకా వేస్తారు, నేనూ అక్కడే వేయించుకున్నాను. వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేస్తే జీవితాంతం సరిపోతుంది. అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. మలేరియా మాత్రలు మరవద్దు. దోమ మలేరియా గుట్టును రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే కదా, ఆ మర్యాదైనా నిలపాలి.

ఒక ఏర్పాటు చేశాం. వచ్చే నెల నుంచి సమావేశం అయ్యాక గంటసేపు పదో తరగతి గదిలో నేను, ఇంకో ఇద్దరు మిత్రులు కూర్చుంటాం. ఒకరు బ్యాంకులో, ఇంకొకరు మందుల షాపులో పనిచేసి రిటైరైనవాళ్లు. డీఎస్-160 ప్రింటు, బీమా కాగితం, మందుల చీటీ, మూడింటి జిరాక్స్‌లు తెచ్చుకోండి. మీరు గట్టిగా చదవండి, మేం పక్కన కూర్చుని వింటాం. కళ్లద్దాలు మరవకండి. ఫారం నింపిన అబ్బాయో అమ్మాయో ఆ వేళకు ఫోన్‌లో దొరికేట్టు ముందే చెప్పి ఉంచండి, వాళ్లకది తెల్లవారుజామైనా సరే.