కొయ్యబొమ్మ కలిపిన చెలిమి



నేను ముప్పదినాలుగు సంవత్సరములు బడిపంతులుగా పనిచేసి 2012 లో విరమించితిని. అన్ని యేండ్లలో నా చేతితో నేను చేసిన వస్తువు ఒక్కటియు లేదు. బెత్తము పట్టితిని, సుద్దముక్క పట్టితిని, ఎఱ్ఱసిరా కలము పట్టితిని. ఒక పీట చేయలేదు, ఒక తట్ట అల్లలేదు. అది నాకొక లోపమని యెన్నడును తోచలేదు. అరువదియొకటవ యేట కొండపల్లిలో ఒక బొమ్మలవారి అరుగుమీద చతికిలబడి ఉలి పట్టినప్పుడు గాని తోచలేదు. ఆ అరుగుమీదికి నేనెట్లు చేరితినో, అక్కడ నాకెవరు దొరికిరో, ఈ పూట మీకు మనవి చేసికొందును.

మా ఊరు ఉయ్యూరు దగ్గర. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టుట మా యింట మా అమ్మగారి నాటి ఆచారము. ఆమె తరువాత నా భార్య ఆ భారము వహించెను. నా భార్య పోయిన పిదప మూడు సంక్రాంతులు ఆ బొమ్మల పెట్టె అటకమీదినుండి దిగలేదు. 2015 సంక్రాంతికి హైదరాబాదునుండి వచ్చిన మనుమరాలు, "తాతయ్యా, నాయనమ్మ బొమ్మలేవి?" అని యడిగెను. నిచ్చెన వేసి దింపితిని.

మట్టిబొమ్మలు కొన్ని నుగ్గయి యుండెను. వానికి నేనంతగా విచారింపలేదు. పాతచీర ముక్కలో చుట్టియున్న కొయ్య యేనుగును చూచినప్పుడు మాత్రము గుండె కలుక్కుమన్నది. అది కొండపల్లి అంబారీ ఏనుగు. మా అమ్మగారు పుట్టింటినుండి తెచ్చుకొన్నది. కొలువులో నడిమి మెట్టు దానిది. తొండము విరిగెను, ఎడమచెవి ఊడెను, మావటివాడు లేనేలేడు. దుమ్ము పట్టియున్నదని నేను తడిగుడ్డతో తుడిచితిని. దుమ్ముతో కూడ రంగును గుడ్డకెక్కెను. అంబారీమీది ఎఱుపంతయు నా అరచేతి కంటెను. మనుమరాలు ఏమియు అనలేదు. ఆ గుడ్డవంక చూచి లోపలికి పోయెను. అది నాలుగు మాటలు అనియున్న నాకు నయముగా నుండెడిది.

పండుగ వెళ్ళిన వారమున ఏనుగును సంచిలో పెట్టుకొని కొండపల్లికి పోతిని. మీలో ఆ ఊరి పేరు విననివా రుండరు. బెజవాడకు వాయవ్యముగా ఇరువది కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున, రెడ్డిరాజుల నాటి కోటక్రింద నున్నది. అప్పుడది కృష్ణాజిల్లా, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా. అక్కడ బొమ్మలు చేయువారు తాము ఆర్యక్షత్రియులమనియు, తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చినవారనియు చెప్పుకొందురు. వీథి పొడుగునను దుకాణములే. దశావతారములు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కు గీతగాడు, గంగిరెద్దు, అన్నియు అద్దమువలె మెఱయుచుండెను. నాలుగు దుకాణములలో నా యేనుగును చూపితిని. "దీన్ని బాగుచేసే ఖరీదుకు కొత్తది వస్తుందండీ" అని నలుగురును ఒకే మాట యనిరి. వారి తప్పేమియు లేదు. దినమునకిన్ని బొమ్మలు తెమిలిననే గాని వారికి కుండ కాగదు.

అయిదవచోట దుకాణము లేదు, అరుగు మాత్రమున్నది. దానిపై ఒక పెద్దాయన కూర్చుండి ఎద్దు మూపురము చెక్కుచుండిరి. మోకాళ్ళనిండ కొయ్యపొట్టు, ప్రక్కన చిన్న రేడియో. ఏనుగును చేతిలోకి తీసికొని మొదట తూచిరి, వాసన చూచిరి, గోటితో గీచిరి.

"తడిగుడ్డ పెట్టారా?" అని యడిగిరి. నేను తలవంచుకొంటిని.

"ఇది నీళ్ళరంగు, మాస్టారూ. ఎనామెలు రంగయితే తుడిస్తే మెరిసేది. దీనికి నీళ్ళు తగిలితే ఏడుస్తుంది."

నేను పంతులనని అప్పటికి చెప్పలేదు. జేబులోని ఎఱ్ఱకలము చెప్పియుండును. ఇది ఎవరు చేసినదో గుర్తింపగలరా యని యడిగితిని. "చెప్పలేను. చెవికి ఇలా మడత పెట్టడం మా వీథిలో ఉండేది. ఇప్పుడెవరూ పెట్టరు. బొమ్మమీద పేరు వేసుకునే అలవాటు మాకు లేదు గదా" అనిరి. పిదప చాలసేపు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "పాతరకంగా చెయ్యాలంటే గిరాకీ పని మధ్య నాకు కుదరదు. వారానికొకరోజు వచ్చి కూర్చోండి. నేను చెబుతాను, మీరు చెయ్యండి. కూలి వద్దు" అనిరి. పరిహాసమనుకొంటిని. కాదు. ఆ గురువారము మొదలు ప్రతి గురువారమును ఏడు గంటల బస్సు ఎక్కుచున్నాను.

ఆ పని యెట్టిదో కొంచెము చెప్పనిండు. బొమ్మకు వాడు కొయ్య తెల్లపొణికి. ఆ చుట్టుపట్ల కొండలలో పెరుగు చెట్టు. ఆరినపిదప బెండువలె తేలికగా నుండును, ఉలికి మెత్తగా లొంగును. పచ్చిదనము పోవువరకు సన్నని సెగమీద ఓపికతో కాచవలెను. తొందరపడినచో బొమ్మ పూర్తియైన పిదప బీటవారి పరువు తీయును. ఏనుగునంతటిని ఒకే మొద్దులో చెక్కరు. మొండెము వేఱు, తొండము వేఱు, చెవులు వేఱు, మావటి వేఱు. వీని నన్నిటిని ఒక్కటి చేయునది మక్కు. చింతగింజలు వేయించి, పైతొక్క యొలిచి, పిండిచేసి, ఉడికించి, అందులో ఆ పొణికి పొట్టునే కలిపి నూరిన ముద్ద అది. చెక్కగా రాలిన పొట్టే తిరిగి అతుకై బొమ్మలో చేరును. మక్కు ఆరినపిదప ఆకురాయితో నునుపు చేసి, సున్నపుపూత పూసి, ఆ తెలుపుమీద రంగు వేయుదురు. మేకవెండ్రుకల కుంచెతో కన్ను దిద్దుట కడపటి పని. కన్ను దిద్దువరకు అది కొయ్యయే.

నేను మొదట చెక్కిన చిలుక వంకాయవలె వచ్చెను. ఆయన నవ్వలేదు. అటునిటు త్రిప్పి చూచి, "తొడిమ పెట్టండి. కూరలమ్మి బుట్టలోకి పనికొస్తుంది" అనిరి. నేను నూరిన మక్కుతో అతికించిన చెవి మఱువారమునకు రాలిపోయెను. మరల నూరుమనిరి. అదియు రాలెను. మరల నూరుమనిరి. ఎక్కములు తప్పిన పిల్లలచేత పదిసార్లు వల్లెవేయించినవానికి ఈ శాస్తి న్యాయమే యని నూరితిని.

ఇద్దఱు ముసలివారు మాటలాడుకొనుటకే కూర్చుండినచో పది నిమిషములలో రాజకీయములకో మోకాళ్ళ నొప్పులకో దిగుదురు. చేతిలో పని యున్నప్పుడు మాటకు తొందర యుండదు. ఒక్కొక్క గురువారము మేము పట్టుమని పది మాటలు ఆడము. రేడియో మ్రోగుచుండును. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. ఆయన పుట్టుకయు ఆ యేటిదే. "మేమిద్దరం ఈడువాళ్ళం. మీరు రాకముందు నాకు తోడు ఇదే" అని ఒకనాడు రేడియోవంక ఉలి చూపిరి.

ఆ శ్రావణమున ఒక గురువారము పెద్దవాన. బేరము లేదు, వీథిలో మనిషి లేడు. ఎందుకు నోట వచ్చెనో తెలియదు, నేను ఎవరికిని చెప్పని సంగతి యొకటి ఆయనకు చెప్పితిని.

1986 లో నా తరగతిలో ఒక వడ్రంగివారి పిల్లవాడుండెను. లెక్కలు చెప్పుచుండగా బల్లక్రింద సూదితో సుద్దముక్కను చెక్కుచుండెను. పట్టి చూచితిని. అది నా ముఖమే. కళ్ళజోడుతో సహా, వ్రేలెడులేని సుద్దముక్కలో నా ముఖము. తరగతి గొల్లుమని నవ్వెను. నేను దానిని క్రింద వేసి చెప్పుతో నలిపి, "బొమ్మలు చెక్కి బ్రతుకుదువా?" అంటిని. వాడు ఏడువలేదు. మఱెన్నడును చెక్కలేదు. ఆ సంవత్సరము చివర బడి మానెను. ఎక్కడనున్నాడో నేను విచారింపనైనను లేదు. ఇప్పుడు చిలుక ముక్కు చెక్కుటకు నెలదినములు పట్టినవాడను గనుక, ఆ పిల్లవాని చేతిలో ఏమియుండెనో నాకు తెలియవచ్చినది.

ఆయన పని ఆపలేదు. కొంతసేపటికి, "మీరు సుద్దముక్క తొక్కారు మాస్టారూ. నేను మావాడి చేతిలో ఉలి లాక్కున్నాను" అనిరి.

ఆయన కుమారుడు పదునాలుగవ యేటనే ఎద్దును చెక్కెనట. తాను ఇరువదియవ యేట చెక్కినదానికంటె మేలుగా వచ్చినదట. అది కొయ్యకు అప్పుచేసిన యేడు, బేరములు లేని యేడు. ఆ రాత్రియే పనిముట్లన్నియు మూటగట్టి అటక యెక్కించి, చదువుకొని ఉద్యోగము చూచుకొమ్మని చెప్పిరట. కొడుకు దగ్గఱలోని కర్మాగారములో కుదురుకొనెను. "వాడి జీతంతోనే ఈ యింటికి శ్లాబు పడింది. తప్పు చేశాననలేను. ఒప్పు చేశాననీ అనలేను" అని, చేతనున్న బొమ్మను దీపము దగ్గఱకు జరిపి చెక్కసాగిరి.

ఆనాటివరకు నేనాయనను "ఏమండీ" యనుచుంటిని. ఆనాటినుండి "అన్నయ్యగారూ" యనుచున్నాను. ఆయనకు నేను మాస్టారునే. అందులో మార్పులేదు.

ఏనుగునకు తొండము మిగిలెను. కుడివైపునకు వంపు తిరిగి కొనయందు సన్నగిల్లవలసిన తొండము. అన్నయ్యగారి చేయి ఆ యేడు వణకుట మొదలుపెట్టెను. ముక్కలు మూడు పాడయ్యెను. ఉలి క్రిందపెట్టి రెండు గురువారములు ఎడ్లబండి చక్రములతో కాలక్షేపము చేసిరి. మూడవ గురువారము దసరా సెలవు. కొడుకు ఇంటనుండెను. కాఫీగ్లాసు చేత బట్టుకొని మావెనుక చాలసేపు నిలువబడెను. పిదప గ్లాసు గట్టుమీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, తండ్రి ముందున్న ఉలి తీసికొని కూర్చుండెను. ముప్పదియేండ్లు ఉలి పట్టని చేయి! అయినను ఒక్క గంటలో తొండము వచ్చెను. తండ్రి మంచిదనలేదు, చెడ్డదనలేదు. రేడియో శబ్దము తగ్గించిరి, అంతే. కోడలు లోపలినుండి వచ్చి తొండము చూచి, సున్నపుపూత కలుపుటకు పోయెను. ఆ యింట కుంచె పని ఆమెదే.

కొత్త తొండమునకు పాతరంగు పట్టించి వెలిసినట్లు చేయుదమని నేనంటిని. అన్నయ్యగారు ఒప్పుకొనలేదు. "పాతరకంగా చెయ్యొచ్చు గాని, పాతదని చెప్పి చూపకూడదు. కొత్తది కొత్తదిగానే కనిపించాలి" అనిరి. కావున మా యేనుగు మొండెము వెలిసిన బూడిద, తొండము నిగనిగలాడు బూడిద. చూచినవారికి ముందు నవ్వు వచ్చును.

2016 సంక్రాంతికి నా మనుమరాలు దానిని చేతికి తీసికొని అతుకులమీద వ్రేలు పెట్టి తడవిచూచెను. "ఇందులో నువ్వు చేసిందేది తాతయ్యా?" అనెను. ఎడమచెవి యంటిని. నాలుగవసారి అతికినచెవి యని కూడ చెప్పితిని. కొలువులో ఏనుగు కుడివైపు ముఖముగా నిలుచుట మా అమ్మగారి నాటి వాడుక. ఆ యేడు నా మనుమరాలు దానిని ఎడమచెవి జనమునకు కనబడునట్లు త్రిప్పి పెట్టెను. ఇప్పటికిని అట్లే పెట్టుచున్నాము.

మా అరుగిప్పుడు కొంచెము ఇరుకైనది. బెజవాడనుండి పనివిరమించిన తపాలా ఉద్యోగి యొకరు వచ్చుచున్నారు; వారి తాతగారి ఎడ్లబండికి ఒక ఎద్దు లేదు. ఒక దర్జీ వచ్చుచున్నాడు. అతనికి బాగుచేయవలసిన బొమ్మ యేదియు లేదు, ఊరక వచ్చుచున్నాడు. కోడలు రంగు కలుపుట నేర్పును, తప్పుచేసినచో మొగమాటము లేక కసరును. కొడుకు సెలవు దినములలో మాత్రమే కూర్చుండును. ఉద్యోగము మానలేదు, మానుమని ఎవరును అనుటలేదు. కష్టమంతయు కొయ్యతోనే. తెల్లపొణికి కొండలలో పలుచబడినది. మునుపటివలె దొరకుట లేదు. నాటిన చెట్టు ఉలికి వచ్చునప్పటికి నాటినవాడుండునో లేదో. అయినను మా దొడ్డిలో రెండు మొక్కలు పెట్టితిని. ఒకటి మేక తినెను. రెండవదానికి కంప కట్టితిని.

మీ యిండ్ల అటకలమీదను ఇట్టి పెట్టెలుండును. దింపి చూడుడు. పాత కొయ్యబొమ్మ కనబడినచో తడిగుడ్డ మాత్రము తగిలింపకుడు. పొడి కుంచెతో దులుపుడు. విరిగిన ముక్క యెంత చిన్నదైనను పారవేయకుడు. చెవి మడత యెట్లుండెడిదో ఆ ముక్కయే చెప్పవలెను.

మా అన్నయ్యగారు ఈ ప్రసంగము వినుచుందురు. పోయినవారము మక్కునకు గింజలు నిండుకొన్నవని చెప్పిరి. మా చెట్టు చింతగింజలు రెండు సేర్లు వేయించి, తొక్క యొలిచి, సిద్ధముగా నుంచితిని. గురువారము తెచ్చుచున్నాను.