విమానం టిక్కెట్టు మీద టైము



బందరు, గుడివాడ, దివిసీమ వైపు నుంచి దుబాయికి పనికి వెళ్ళే వాళ్ళున్నారు. అప్పు చేసి టిక్కెట్టు కొంటారు. దాని మీద తేదీ, టైము ఉంటాయి. వాటిని సరిగా అర్థం చేసుకోకపోతే విమానం తప్పిపోతుంది. డబ్బూ పోతుంది. అందుకని ఈరోజు ఆ లెక్క నేర్చుకుందాం.

ముందు దూరం చూద్దాం. బందరు నుంచి హైదరాబాదు సుమారు 345 కిలోమీటర్లు. బస్సులో 7, 8 గంటలు పడుతుంది. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. విమానంలో దాదాపు 4 గంటలే!

ఇప్పుడు టిక్కెట్టు చూద్దాం. హైదరాబాదులో బయల్దేరేది ఉదయం 10:00. దుబాయి చేరేది మధ్యాహ్నం 12:30 అని ఉందనుకోండి. అంటే ప్రయాణం రెండున్నర గంటలేనా? కాదు. 10:00 మన గడియారం టైము. 12:30 దుబాయి గడియారం టైము. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు.

దుబాయి మనకు పడమరగా ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందువల్ల పొద్దు మనకు ముందు పొడుస్తుంది, వాళ్ళకు తర్వాత. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ 12:30 అయితే ఇక్కడ 2:00. రెండున్నరకు ఒకటిన్నర కలిపితే 4 గంటలు. లెక్క సరిపోయింది గదా!

తిరిగొచ్చేటప్పుడు గంటన్నర తీసెయ్యాలి. అక్కడ ఉదయం 10:00కి ఎక్కి, ఇక్కడ మధ్యాహ్నం 3:00కి దిగితే ప్రయాణం మూడున్నర గంటలు. ఎందుకు తగ్గింది? చలికాలంలో చాలా ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. వచ్చేటప్పుడు ఆ గాలి విమానాన్ని ముందుకు తోస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురవుతుంది.

ఇక అసలు సంగతి. టిక్కెట్టు మీద "15వ తేదీ, 00:40" అని ఉంటే ఏమిటి? రాత్రి 12 దాటగానే తేదీ మారుతుంది. 00:40 అంటే 14వ తేదీ రాత్రి పన్నెండు దాటి 40 నిమిషాలు. 15వ తేదీ రాత్రి వెళ్తే విమానం ఉండదు. అది ముందు రోజు రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది!

పై దేశం వెళ్ళేవాళ్ళు 3 గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. అంటే 14వ తేదీ రాత్రి 9:40 కల్లా శంషాబాదు చేరాలి. బస్సుకు 8 గంటలు. బస్సు దిగి శంషాబాదు వెళ్ళడానికి ఇంకొంత టైము. కాబట్టి బందరులో 14వ తేదీ ఉదయమే బస్సెక్కాలి. నాగాయలంక, కోడూరు వాళ్ళు ఇంకా ముందే బయల్దేరాలి.

ఇప్పుడు మీరు చెప్పండి. టిక్కెట్టు మీద "16వ తేదీ, 01:15" అని ఉంది. ఏ తేదీన, ఎన్ని గంటలకు విమానాశ్రయంలో ఉండాలి? పలక మీద రాయండి. పక్కవాళ్ళ లెక్కతో సరిచూసుకోండి.