పదిమందిలో మనోవైద్యము

ఒక మనిషి వారముల తరబడి మంచము విడువడు. మాట పెగలదు, అన్నము సహింపదు. కొంతకాలమునకు అతడే రాత్రికి రెండు గంటలు మాత్రమే నిద్రించి, తెల్లవార్లు పథకములు వేయును. చేతనున్న సొమ్మంతయు వెచ్చించును. మన ఇండ్లలో మొదటిదానిని సోమరితనమనియు, రెండవదానిని పొగరనియు అనుచుందురు. నిజమునకు రెండును ఒక్క జబ్బే. వైద్యులు దీనికి బైపోలార్ వ్యాధి యని పేరిడిరి.

ఉన్మాదమునకు లిథియము పనిచేయునని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రకటించెను. నేటికిని అది ముఖ్యౌషధములలో ఒకటి. అయితే నెమ్మదించినంతనే "నాకు నయమైనది గదా, ఇక మందెందుకు?" అని మానివేయువారు పెక్కుమంది. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

స్పెయిన్ దేశమున బార్సిలోనా నగరమందు ఫ్రాన్సెస్క్ కొలోమ్, ఎడ్వర్డ్ వియెటా మొదలగువారు దీనికొక మార్గమును పరీక్షించి, 2003లో ఫలితములు వెల్లడించిరి. వ్యాధి నెమ్మదించియున్న 120 మందిని రెండు భాగములు చేసిరి. అందరును మందులు వాడుచునే యుండిరి. అందరును చిన్న జట్లుగా 21 మారులు సమావేశమైరి. ఒక భాగమువారు ఊరక కూడి మాటలాడుకొనిరి. రెండవవారు వ్యాధి స్వభావమును, మందుల అవసరమును, నిద్రకు వేళ పాటించుటను, వ్యాధి తిరుగబెట్టుటకు ముందు కనబడు గురుతులను నేర్చుకొనిరి. రెండేండ్లు గడచునప్పటికి మొదటివారిలో నూటికి 92 మందికి, రెండవవారిలో 67 మందికి వ్యాధి తిరుగబెట్టినది. 67 చిన్న సంఖ్య కాదు. దీనిని అద్భుతమని చెప్పుట మోసమగును. అయినను నూటికి పాతిక కుటుంబములు ఆ తాకిడి తప్పించుకొనుట సామాన్యమా?

ఇది ఎట్లు పనిచేయునో ఊహింపుడు. జట్టులో ఒకరు "నాలుగు రాత్రులుగా నిద్ర లేదు, అయినను అలసట తెలియుటలేదు, ఎంత హాయిగా నున్నదో!" యందురు. ఎదుట కూర్చున్నవారు "నాకును ఇట్లే మొదలైనదండీ. రేపే వైద్యుని చూడుడు" అందురు. ఈ మాటయే భార్య చెప్పిన యెడల ఇంట పోట్లాటయగును. అన్న చెప్పినచో అసూయ యనిపించును. అనుభవించినవారి నోట వినుటలో తేడా కలదు.

సంబంధములు చెడునని జబ్బును దాచు ఇండ్లలో ఈ మాట చెప్పువారే దొరకరు. అందువలన గురుతులేవియో, డబ్బు ఎవరి చేతనుండవలెనో రోగి నెమ్మదిగా నున్నప్పుడే అతనితో కూర్చుండి వ్రాసికొనుట మేలు. లిథియము వాడువారు రక్తపరీక్షలు మానరాదు.

ఉద్రేకము ముదిరినవారికి గాని, చావు తలంపులు కలుగుచున్నవారికి గాని ఆ సమయమున జట్టు తగదు. వారిని తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినను సలహా దొరకును; తెలుగులోనే మాటలాడవచ్చును.