పన్ను మారినప్పుడు చిన్న దుకాణం సంగతి
(కర్నూలులో మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మామూలుగా నన్ను చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు "మాస్టర్ సాబ్, పన్నుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఆడిటర్‌ను కాను. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. అయితే నా క్లాసులో కూర్చునే పిల్లల తండ్రుల్లో ఎక్కువమంది చెప్పుల దుకాణమో, బేకరీయో, బట్టల కొట్టో, మాంసం అంగడో పెట్టుకున్నవారే. శాతాల పాఠం వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న బిల్లులు తెమ్మంటాను. ఆ బిల్లులు చూసి చూసి నాకూ కొంత తెలిసింది. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాకు వచ్చే జీతం ప్రజలు కట్టే పన్నుల్లోంచే వస్తున్నది. కాబట్టి పన్నును తిట్టడానికి నేను ఇక్కడికి రాలేదు.

అమ్మకం పన్ను మనకు కొత్త కాదు. రాజాజీ మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు 1937లో సేలం జిల్లాలో, ఆ తర్వాత మన పక్కనున్న కడప, చిత్తూరు జిల్లాల్లో మద్యనిషేధం పెట్టారు. సారాయి ఆదాయం పోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. కర్నూలు అప్పుడు మద్రాసు ప్రాంతంలోనే ఉంది. తాగేవాడి నుంచి రావలసినది దుకాణదారు గల్లా పెట్టె నుంచి రావడం మొదలైంది. మద్యం విషయంలో మన అభిప్రాయం ఏమిటో అందరికీ తెలుసు గనుక దాని మీద ఫిర్యాదు చేయను. ఒక చోట విధానం మారితే ఇంకొక చోట వ్యాపారి మీద బరువు పడుతుందని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

తర్వాత 1957లో ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను చట్టం వచ్చింది. దాని కింద చాలా సరుకులకు ఒక్క చోటే పన్ను. తయారుచేసినవాడో, రాష్ట్రంలోకి తెచ్చి మొదట అమ్మినవాడో కట్టేస్తే, చివర చిల్లరగా అమ్ముకునేవాడికి పెద్దగా పని ఉండేది కాదు. మన తాతల దుకాణాల్లో ఒక ఎర్ర అట్ట ఖాతా పుస్తకం, ఒక పెన్సిలు ఉంటే సరిపోయేది. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. వీటిలో పన్ను ప్రతి మెట్టు మీదా పడుతుంది, ముందు మెట్టులో కట్టినదాన్ని తగ్గించుకోవచ్చు. పద్ధతి మంచిదే, పన్ను మీద పన్ను పడదు. కాని తగ్గించుకోవాలంటే ప్రతి మెట్టులోనూ కాగితం ఉండాలి. కాగితం లేనివాడికి పన్ను ఖర్చులో కలిసిపోతుంది. శాతం ఎంత అని అందరూ అడుగుతారు గాని, అసలు మార్పు ఇక్కడ వచ్చింది.

ఇప్పుడు చెప్పుల లెక్క చూద్దాం. మనవాళ్ళు చాలామంది ఈ వ్యాపారంలో ఉన్నారు. వాణియంబాడి, ఆంబూరు తోలు వ్యాపారం పేరు వినని ముసల్మాను దక్షిణాదిలో ఉండడు. 2017లో జత 500 రూపాయల లోపు ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం పెట్టారు. 2018 జూలైలో ఆ హద్దును 1,000కి జరిపారు. 2022 జనవరి 1 నుంచి 1,000 లోపు జతకు కూడా 12 శాతం చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 వరకు 5 శాతం, ఆ పైన 18. ఇప్పుడు 800 రూపాయల జత ఒకటి తీసుకోండి. దాని మీద పన్ను మొదట 144, తర్వాత 40, ఆ తర్వాత 96, మళ్ళీ 40. చెప్పు అదే, తోలు అదే. ఎనిమిదేళ్ళలో లెక్క మూడుసార్లు మారింది.

హద్దు దగ్గర ఇంకో చిత్రం ఉంది. ఇప్పుడు 2,500 రూపాయల జతకు పన్ను 125. 2,501 రూపాయల జతకు 450. ఒక్క రూపాయి ధర పెంచితే కొనేవాడి మీద మూడు వందల పైచిలుకు పడుతుంది. అందుకే తయారుచేసేవాడు హద్దు లోపలే ధర కుదించుకుంటాడు. ధర కుదించాలంటే తోలు బదులు రెక్సిను వేస్తాడు, కుట్టు బదులు జిగురు పెడతాడు. చెప్పు ఆరు నెలలకే ఎందుకు తెగిపోతున్నదని మనం దుకాణదారుతో పోట్లాడతాం. ఆ కథలో పన్ను హద్దుకూ కొంత పాత్ర ఉందని నాకు అనిపిస్తుంది.

2022లో పెంచినప్పుడు చెప్పిన కారణం అబద్ధం కాదు. జిగురు, సోలు లాంటి ముడిసరుకు మీద 18 శాతం, తయారైన చెప్పు మీద 5 శాతం ఉంటే తయారుచేసేవాడి డబ్బు ప్రభుత్వం దగ్గర ఇరుక్కుపోతుంది, దాన్ని సరిచేస్తున్నాం అన్నారు. బట్టల మీద కూడా అదే కారణంతో 12 శాతం చేయబోయారు. కొన్ని రాష్ట్రాలు, బట్టల వ్యాపారులు గట్టిగా అడ్డుచెప్పారు. 2021 డిసెంబరు 31న కౌన్సిల్ సమావేశమై బట్టల సంగతి వాయిదా వేసింది. చెప్పుల మీద పెంపు మాత్రం మర్నాడు అమలైంది. చెప్పులవాళ్ళు అడగలేదని కాదు, అడిగిన గొంతు అంత పెద్దది కాదు.

తగ్గినప్పుడైనా అందరికీ లాభమా అంటే, అదీ లేదు. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. చిన్న వ్యాపారులకు కాంపోజిషన్ అనే పథకం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి దాని హద్దు కోటిన్నర. చెప్పుల దుకాణదారు అమ్మకంలో 1 శాతం కట్టేస్తాడు, మూడు నెలలకొకసారి చిన్న పత్రం పంపుతాడు. సుఖంగానే ఉంటుంది. కాని తాను కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకోలేడు, కొనేవాడి దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. 2025 సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయం చెప్పింది. 22 నుంచి అమలు. అప్పటికే లక్ష రూపాయల సరుకు 12 వేలు పన్ను కట్టి గోదాములో పెట్టుకున్న కాంపోజిషన్ దుకాణదారు ఏం కావాలి? పక్క దుకాణదారు 22 తర్వాత అదే సరుకు 5 వేలు కట్టి తెస్తాడు. మనవాడు ఏడు వేలు ఎక్కువ పెట్టి కూర్చున్నాడు. రెగ్యులర్ పద్ధతిలో ఉన్నవాడికైతే ఆ 12 వేలు లెక్కలో ఉంటాయి, మెల్లగా సర్దుబాటు చేసుకుంటాడు. పైగా ఆ పద్దెనిమిది రోజులూ గిరాకీ "22 తర్వాత వస్తాంలే భాయ్" అని వెనక్కి పోయింది. తగ్గింపు మంచిదే. దాని ఖర్చు ఎవరు భరించారన్నదే నేను అడుగుతున్నాను.

బట్టల కొట్లవారికి ఒక్క మాట. 2,500 లోపు రెడీమేడ్ ఇప్పుడు 5 శాతం. ఇంతకుముందు వెయ్యి దాటితే 12 ఉండేది, కాబట్టి మామూలు బట్టకు లాభం. కాని 2,500 దాటితే 12 నుంచి 18 అయింది. నాలుగు వేల షేర్వానీ మీద 480 ఉన్న పన్ను 720కి పోయింది. మన పెళ్ళిళ్ళ ఖర్చు తగ్గించమని మౌలానాలు ఎన్నేళ్ళుగానో చెబుతున్నారు. వాళ్ళ మాట విననివాళ్ళు కౌన్సిల్ మాటైనా వింటారేమో.

బేకరీ సంగతి చూస్తే నవ్వు వస్తుంది. 2017 నుంచి ఒకే పొయ్యిలో కాలిన రొట్టెకు పన్ను లేదు, రస్కుకు 5, ఉస్మానియా బిస్కెట్టుకు 18. గిరాకీ మూడూ కలిపి కొంటే బిల్లులో మూడు లెక్కలు రాయాలి. 2025లో బిస్కెట్లు, కేకులు 5కు దిగాక ఈ తలనొప్పి చాలావరకు పోయింది. హోటళ్ళకు 2017 నవంబరు 15 నుంచి 5 శాతం చేశారు గాని, నూనె, గ్యాసు, అద్దెల మీద కట్టిన పన్ను తగ్గించుకోకూడదన్నారు. ప్లేటు బిర్యానీ ధర తగ్గలేదని హోటలు వాళ్ళను తిట్టినవాళ్ళు ఈ రెండో సగం వినలేదు.

మాంసం అంగడి సోదరులు ఇది గుర్తుపెట్టుకోవాలి. తాజా మాంసం మీద పన్ను లేదు. అది మాత్రమే అమ్మేవాడు ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కాని పక్కన మసాలా పొట్లాలు కూడా అమ్మితే, హద్దు దాటాడా లేదా అని చూసేటప్పుడు మాంసం అమ్మకం కూడా కలిపి లెక్కపెడతారు. ఫోను ద్వారా డబ్బు తీసుకుంటున్నాం గనుక ఆ లెక్క దాగదు. 2025 జూలైలో కర్ణాటకలో చిన్న అంగళ్ళవాళ్ళకు ఫోను చెల్లింపుల లెక్క చూసి నోటీసులు పంపారు. భయపడి చాలామంది ఆ బొమ్మ అట్టలు తీసేసి "నగదు మాత్రమే" అని రాసిపెట్టారు. భయం కన్నా లెక్క రాసుకోవడం సులభమని నేనంటాను.

ఆ హద్దు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. 2019 ఏప్రిల్ నుంచి సరుకుల వ్యాపారానికి హద్దు 20 లక్షల నుంచి 40 లక్షలు చేశారు. ఆ ఉత్తర్వులో తెలంగాణను మినహాయించారు. అంటే తుంగభద్ర ఇవతల కర్నూలులో ఒక లెక్క, అవతల ఆలంపూర్ దగ్గర ఇంకో లెక్క. రెండు వైపులా దుకాణాలు, బంధుత్వాలు ఉన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. బావమరిది చెప్పిన లెక్క మనకు వర్తిస్తుందనుకోవద్దు.

ఇక నేను ఈ విషయం మీద మాట్లాడటానికి ఒప్పుకున్న అసలు కారణం చెబుతాను. పల్లెల దుకాణాలకు చెప్పులు సరఫరా చేసే ఒక పెద్దమనిషి ఉన్నాడు, పేరు అక్కరలేదు. కాంపోజిషన్‌లో ఉండేవాడు. ఆ పల్లె దుకాణదారులు ఒక్కొక్కరే రిజిస్టరయ్యాక "చాచా, మీ బిల్లుతో మాకు పన్ను తగ్గదు, వేరేచోట తెచ్చుకుంటాం" అని పోయారు. ఆయన గత్యంతరం లేక రెగ్యులర్ పద్ధతికి మారాడు. అప్పుడు నెలనెలా పత్రాలు, కంప్యూటర్ బిల్లులు. సరుకు పంపినవాడు తన పత్రం వేయకపోతే, 2022 నుంచి కొన్నవాడికి కూడా తగ్గింపు రాదు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, ఆ నెల అమ్మకమే లేకపోయినా పత్రం వేయాల్సిందే, లేకపోతే రోజుకు 20. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు తెర మీద ఏముందో తెలియదు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినవాడు తొమ్మిదో తరగతి కొడుకు ఒక్కడే. వాణ్ణి బడి మాన్పించి దుకాణంలో కూర్చోబెట్టాడు. లెక్కల్లో నా క్లాసులో వాడే ఫస్టు. నేను ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. ఆయన నన్ను కసురుకోలేదు, టీ ఇచ్చి, "మాస్టర్ సాబ్, నాకు ఇంకో దారి చెప్పండి" అన్నాడు. నా దగ్గర దారి లేదు. అట్లాంటి ఇళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. బీడీ పని ఇళ్ళలో తల్లి సంపాదన తగ్గితే ఆడపిల్ల చదువు ఆగుతుంది. బీడీ మీద 2017 నుంచి 28 శాతం పన్ను, 2025 సెప్టెంబరులో 18కి దించాలని నిర్ణయించారు. ఆ పదేసి శాతాల వెనుక చేతివేళ్ళతో బతికే ఆడవాళ్ళున్నారు.

ఆరు వందల ఏళ్ళ కిందట ఇబ్నె ఖల్దూన్ తన ముకద్దిమాలో ఈ సంగతే ఆలోచించాడు. రాజ్యం కొత్తలో పన్ను తేలికగా ఉంటుంది, జనం ఉత్సాహంగా పనిచేస్తారు, ఖజానా నిండుతుంది. తర్వాత బరువు పెంచుకుంటూ పోతే జనానికి పని మీద మనసు పోయి రాబడే తగ్గుతుందని ఆయన అభిప్రాయం. ఆయన కాలంలో బరువంటే శాతమే. ఈ కాలంలో కాగితం కూడా బరువే.

మన దీన్‌లో లెక్క రాయడం కొత్త విషయం కాదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలు రాసిపెట్టుకోవడం గురించే. రమజాన్‌లో జకాత్ తీయడానికి మీరు దుకాణంలో సరుకంతా లెక్కపెట్టి, ఇవ్వాల్సిన అప్పులు తీసేసి, నూటికి రెండున్నర చూస్తారు గదా. ఆ లెక్కనే చిత్తు కాగితం మీద కాకుండా పుస్తకంలో రాసిపెడితే, ఆడిటరు అడిగే స్టాకు పట్టీలో సగం పని అయిపోయినట్టే. అయితే జకాత్ వేరు, ప్రభుత్వ పన్ను వేరు. ఒకటి కట్టామని రెండోది తీరిపోదు.

సొసైటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. బి.కాం. చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన మొహల్లాల్లో ఉన్నారు, నాకు తెలిసినవాళ్ళే ఐదారుగురు. వాళ్ళలో ఇద్దరికి జీతమిచ్చి, సొసైటీ గదిలో ఒక కంప్యూటరు పెట్టి, చిన్న దుకాణదారుల పత్రాలు నింపే పని అప్పగించండి. దుకాణానికి నెలకు కొంత రుసుం పెట్టుకోవచ్చు. ఆ జీతాలకు జకాత్ సొమ్ము ముట్టవద్దు, దాని హక్కుదారులు వేరు. సభ్యత్వ రుసుములోంచి ఇవ్వండి. రేటు మారిందని కబురు వచ్చిన రోజే తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక కాగితం రాసి మసీదు బయట నోటీసు బోర్డు మీద అంటించే బాధ్యత నేను తీసుకుంటాను.

దుకాణం లెక్క కోసం బడి మానేసిన పిల్లలు ఎవరింట్లో ఉన్నారో వాళ్ళు సభ అయిన తర్వాత పేరు, తరగతి రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. వచ్చే ఆదివారం జుహర్ తర్వాత ఆ పట్టీ పట్టుకుని మేము ఇంటింటికీ వస్తాం.